దత్తమండలమున భూమాపన సాధనములు

భూమిని గొలుచు సాధనమునకు సంస్కృతమున రజ్జువని పేరు. పది దండము లొక రజ్జువని కౌటిలీయార్థశాస్త్రము చెప్పుచున్నది. అశోకుని ధర్మలిపులలోఁ గానవచ్చు రాజూకులను నధికారుల పేరు రజ్జుశబ్దమునుండియే పుట్టినదనియు, వారు మొదట భూమిని గొలుచువారనియుఁ బెక్కండ్రు విద్వాంసుల మతము. పత్తికొండకు సమీపముననున్న ఎఱ్ఱగుడి శాసనమునందును వారి ప్రసక్తి గలదు. రేనాటి చోళుల తెలుఁగు శాసనములందు మఱుతురను భూమానము కనఁబడుచున్నది. ఆ మానము పేరు శిలపై నిలిచెను గాని దానిని గొలిచిన గడ నిలువలేదు. కావున మఱుతు రనఁగా నేఁటి కెన్ని సెంట్లో నిర్ణయించుట దుష్కరమైనది. సాధనము నశించినచో లెక్క మూకయగు ననుట కిదియే దృష్టాంతము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల భూములు 1800వ సంవత్సరమున నిజామునుండి ఇంగ్లీషు కుంఫిణీవారికి దత్తములైనవి. దత్తమండలములకు ముఖ్య కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1802 జూన్ మాసమున భూమాపనమున కుపక్రమించెను. కొలఁత నెఱిఁగిన గుమాస్తాలు మొదట నలువురే. కొలఁదికాలములోనే వారి సంఖ్య నూఱునకుఁ బెరిఁగినది. వారి చేతి గొలుసు 33 అడుగుల నిడివి గలది. అట్టి గొలుసు నిడివి, అంతే వెడల్పు గల చదరము ఒక గుంట. 40 గుంటలు ఒక యెకరము. పొలములే గాక త్రోవలు, గ్రామస్థలములు, చెఱువుల గర్భములును ఈ మాపనమునఁ జేరినవి. కొండనేలలను మాత్రము అంచనాచే నిర్ణయించిరి. కావున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి సమభూములకును, పులివెందుల ప్రాంతపుఁ గొండనేలలకును లెక్కలోని విశ్వాస మొక్కటి కానేరదు.

ఈ గొలుసు నిడివియే రైతునకుఁ బ్రాణప్రదము. వాడుకచే కడియములు సాగి గొలుసు అర అడుగు పెరిఁగెనేని, 100 యెకరములని వ్రాయఁబడిన నేల నిజమున 103 యెకరములగును. మూఁడెకరములు పన్ను లేకయే రైతు కనుభవము. కడియములు వంగి గొలుసు అర అడుగు కుఱుచయైన యెడల ఆ 100 యెకరములు నిజమున 97 మాత్రమే. లేని మూఁడెకరములకు రైతు ఏఁటేఁట శిస్తు చెల్లింపవలసియుండును. దోషము నిడివిలోఁ గొంచెమే యైనను వైశాల్యమున నించుమించుగా రెట్టింపగుట గమనింపఁదగినది. అందుచేతనే కొలిచినవారి కొలఁతను మరల కొలిచి సరిచూచుటకు వేఱు పరీక్షకులు నియమింపఁబడిరి.

పన్నుకొఱకైన యీ గొలుసు కొలఁతతోఁ బాటు పటములకొఱకైన కొలఁతయు దత్తమండలములందు నడచినది. 1809 తరువాత కాలిన్ మెకంజీ ఆజ్ఞచే నిచ్చట దేశపటములు వ్రాయఁబడినవి. 1794లో మైకేల్ టాపింగ్ చెన్నపురి నక్షత్రశాలయందు స్థాపించిన సర్వే పాఠశాలలో శిక్షితులైన బాలురు ఇట్టి పనులకు సహాయులైరి. మెకంజీ పరివారమే గ్రామకరణముల కవిలెలనుండి కైఫీయతులను సేకరించినది. ఒక చేత కొలబద్దయు, వేఱొక చేత కవిలెయుఁ బట్టిన యీ యుద్యమమువలననే కడపమండల చరిత్రమునకు మూలాధారములు లభించినవి.

విలియం లాంబ్టన్ తన మహామాపనములో 1811న గుత్తియొద్ద నొక ఆధారరేఖను గొలిచెను. ఆయన 1802లో చెన్నపురియొద్దఁ బ్రారంభమున వాడిన 100 అడుగుల ఉక్కుగొలుసు మొదట చీనా చక్రవర్తికిఁ గానుకగా రాయబారులు గొనిపోయి, అచ్చట నంగీకరింపఁబడక తిరిగివచ్చినది. ఎండకు ఉక్కు పొడవగుటను గూడ ఉష్ణమాపకములచే నెఱిఁగి లెక్క సవరించుట ఆయన పద్ధతి. రేగడిచేలలో మిట్టమధ్యాహ్నమున ఈడ్వఁబడిన గుమాస్తా గొలుసునకు అట్టి సవరణ యెక్కడిది?

పిదప 66 అడుగులు, 100 లింకులు గల గంటరు గొలుసు వాడుకకు వచ్చినది. దానితో గుంటలకు మాఱు సెంట్లు నిలిచినవి. 2½ సెంట్లు ఒక గుంట. గొలుసు, లంబమును నిర్ణయించు క్రాస్‌స్టాఫు, పొలముల కొలఁతపుస్తకము, అడంగలు, చిట్టా—వీనితోడి పరిచయము కరణీకమువలెనే తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచుండెను. ఏ రాయి ఏ హద్దునకు నాఁటఁబడినదో, ఏ వంక త్రోవ మార్చినదో గ్రంథములందు లేని సంగతులను తండ్రి పొలమునఁ ద్రిప్పి కొడుకునకుఁ జూపెడివాఁడు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యములైన గ్రామోద్యోగములను రద్దుచేసినది. కవిలెలు కచ్చేరికిఁ జేరవలసినవయ్యెను. ఆ నోటిమాటల జ్ఞానమును గైకొన నెవ్వరును లేరైరి.

2020 డిసెంబరునఁ బ్రారంభమైన పునఃసర్వేలో డ్రోనులును, ఉపగ్రహసంకేతములును గొలుసు స్థానము నాక్రమించినవి. కొలఁత సూక్ష్మమైన కొలఁది పాత లెక్కకును క్రొత్త లెక్కకును భేదము బయలుపడుట సహజము. ఆ భేదము అన్నదమ్ముల యాక్రమణమో, పాత గొలుసు సాగుటయో తెలిసికొనుట కా గొలుసే సాక్షి. పాత యింటి యటుకపైఁ ద్రుప్పుపట్టిన గొలుసును ఇనుపతూకమున కమ్మువాఁడు తన తండ్రి లెక్కకు గల సాక్షిని గూడ నమ్ముకొనుచున్నాఁడు.

కైఫీయతులను కడపలోని సి.పి.బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రము ప్రకటించి యుద్ధరించినది. సాధనముల కట్టి యాశ్రయ మింకను గావలసియున్నది. దొరికిన గొలుసును సాగదీయక, సరిచేయక, ఉన్నయట్లే నిడివి కొలిచి, కడియముల లెక్కయు, దానిపైఁ గల ముద్రయు, ఏ గ్రామమున వాడఁబడినదియు వ్రాసి యుంచుట మొదటి కర్తవ్యము. సరిచేసిన గొలుసు అందమునకుఁ బనికివచ్చును, చరిత్రమునకుఁ బనికిరాదు.