చెక్క గిన్నెల తరిమెన పని

తరిమెన మీద, అంటే లేత్ మీద, తిరిగే కర్రకు ఉలి ఆనించి గిన్నె తీయడం చాలా పాత పని. లేత్‌కు దొరికిన తొలి చిత్రాల్లో ఒకటి ఈజిప్టులోని పెటోసిరిస్ సమాధిలో ఉంది. సుమారు క్రీ.పూ. 300 నాటి ఆ చిత్రంలో ఒకడు తాడు లాగి కర్రను తిప్పుతుంటే మరొకడు ఉలి పట్టి కూర్చున్నాడు. ఆనాటి నుంచి ఈ పనిలో వచ్చిన మెరుగులో పూతల వాటా తక్కువ. నార చిట్లకుండా కోయడం నేర్చుకోవడమే అసలు మెరుగు.

మధ్యయుగాల ఐరోపాలో గడ లేత్ వాడేవారు. పైన వంగే గడ, కింద తొక్కుడు పలక ఉంటాయి; రెంటినీ కలిపే తాడు కర్ర చుట్టూ తిరిగి ఉంటుంది. తొక్కితే కర్ర పనివాడి వైపు తిరుగుతుంది, కాలు తీస్తే వెనక్కి పోతుంది. కోత పడేది తొక్కినప్పుడే. పచ్చి కర్రను కొక్కెం లాంటి వంపు ఉలితో తొలిచేవారు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో నావికుల చెక్క గిన్నెలు, పళ్ళేలు దొరికాయి. కొన్నిటి మీద సొంతదారులు చెక్కుకున్న గుర్తులున్నాయి.

ఇంగ్లండులో ఈ సంప్రదాయానికి చివరివాడిగా పేరొందినవారు బర్క్‌షైర్‌లోని బకిల్‌బరీకి చెందిన జార్జ్ లైలీ. ఒకే ఎల్మ్ దిమ్మె నుంచి ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలను వరసగా తీసేవారు. కర్ర వృథా కాకుండా చేసే ఆ నేర్పు ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆయన 1958లో మరణించారు. ఆయన లేత్ ఇప్పుడు రెడింగ్‌లోని గ్రామీణ జీవన మ్యూజియంలో ఉంది. తర్వాతి తరంలో రాబిన్ వుడ్ ఆ పనిముట్లను పరిశీలించి గడ లేత్ పనికి మళ్ళీ ప్రాణం పోశారు.

పింగాణీ, లోహం వచ్చాక చెక్క గిన్నె నిత్యావసరం కాకుండా పోయి కళావస్తువైంది. అమెరికాలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన జేమ్స్ ప్రెస్టినీ ఏ అలంకారమూ లేకుండా, పలుచటి అంచుతో గిన్నెలు తీశారు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాటిని సేకరించింది. రెండో ప్రపంచ యుద్ధంలో మనస్సాక్షి ఒప్పక ఆయుధం పట్టని బాబ్ స్టాక్స్‌డేల్, అలాంటివారిని ఉంచిన శిబిరంలోనే గిన్నెల పని మొదలుపెట్టారు. కర్రలోని చారలను చూసి దానికి తగిన వంపు ఎంచడంలో ఆయనకు సాటి వచ్చేవారు అరుదు.

పలక నుంచి తీసే గిన్నెలో, కర్ర ఒక్క చుట్టు తిరిగేలోపు ఉలికి నార కొసలు రెండుసార్లు ఎదురవుతాయి. గీకుడు ఉలి అక్కడ నారను పీకేస్తుంది. ఎదురెదురుగా రెండు గరుకు మచ్చలు మిగులుతాయి, నూనె రాయగానే అవి నల్లగా బయటపడతాయి. ఉప్పు కాగితంతో ఎంత రుద్దినా పూర్తిగా పోవు. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో హైస్పీడ్ స్టీలుతో చేసిన లోతు గాడి ఉలి వ్యాపించి ఈ బెడదను చాలావరకు తీర్చింది. పదును వెనకున్న ఏటవాలు ముఖాన్ని కర్రకు ఆనించి, వెలుపల అడుగు నుంచి అంచుకు, లోపల అంచు నుంచి అడుగుకు కోయాలి. అప్పుడు తెగే ప్రతి నారకూ కింద ఇంకో నార ఆసరాగా ఉంటుంది. చివరి కోతకు ముందు ఉలికి మళ్ళీ పదును పెట్టాలి. తర్వాత 120, 180, 240, 320 నంబర్ల కాగితాలు వరసగా వాడాలి. ఒకటి వదిలేస్తే ముందరి గీతలు అలాగే ఉండిపోతాయి.

రూపం విషయంలోనూ పనిముట్ల ప్రభావం ఉంది. దిమ్మెను స్క్రూలతో బిగించే రోజుల్లో, అవి దిగేందుకు అడుగు మందంగా వదలాల్సి వచ్చేది. పాత గిన్నెలు బరువుగా ఉండటానికి అదొక కారణం. గిన్నె అడుగున చిన్న పాదాన్ని పట్టుకునే బిగింపు సాధనం, అంటే చక్, వచ్చాక వంపు అడుగు దాకా సాగింది. తరిమెన పనివాడు రిచర్డ్ రాఫన్ 1987లో గిన్నెల రూపకల్పన మీదే ఒక పుస్తకం రాశారు. పచ్చి కర్ర ఎండితే అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు, గిన్నె కోలగా మారుతుంది. అందుకే 300 మిల్లీమీటర్ల గిన్నెకు మొదట సుమారు 30 మిల్లీమీటర్ల గోడ వదిలి, నెలల తరబడి ఆరనిచ్చి, రెండోసారి లేత్‌కు ఎక్కిస్తారు.

మెరుగు పూతల్లో తెలుగు నేలకు సొంత దారి ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిరుగుతుండగానే లక్క కడ్డీ ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది, దాన్ని మొగలి ఆకుతో నునుపు చేస్తారు. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిడతలకు, కుంకుమ భరిణెలకు ఈ పూత ఎంతో శోభ. కానీ లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి వేడి కూర వడ్డించే గిన్నెకు అవిసె నూనో అక్రోటు నూనో పట్టించడమే మేలు. అవిసె నూనె అద్దిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకూడదు. వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు.