పెళ్ళయినట్టు రుజువేంది

"పెళ్ళయినట్టు రుజువేందే? పల్లె పల్లెంతా కూడు తిని పొయ్యింది గదా!"

ఫోన్లో మాయమ్మ అడిగిన మాట ఇది, 2014లో. అప్పటికి మా పెళ్ళయి ఏడాది దాటింది. నేను అమెరికాలో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తున్నాను. ఆయన ఒంగోలు దగ్గర ఒక మండల పరిషత్తు బడిలో పిల్లకాయలకి ఎక్కాలు చెబుతున్నాడు. ఇద్దరి మధ్యా ఒక ఉత్తరం వచ్చి కూచుంది. మీది నిజమైన పెళ్ళేనని నమ్మటానికి మీరు పంపిన రుజువులు చాలవు, ఇంకా పంపండని దాని సారాంశం.

నేను నర్సుని. మిషను ఆసుపత్రిలో ట్రైనింగయి, గుంటూరులో కొన్నాళ్ళు, ఢిల్లీలో కొన్నాళ్ళు చేసి 2006లో గ్రీను కార్డు మీద పోయాను. ఇద్దరు తమ్ముళ్ళ చదువులు, చెల్లెలి పెళ్ళి, ఇంటికి స్లాబు, ఇవన్నీ అయ్యేసరికి నాకు ముప్పై ఆరొచ్చాయి. 2012లో అక్కడి పౌరసత్వం వచ్చింది. 2013 ఫిబ్రవరిలో మూడు వారాల సెలవు పెట్టి వచ్చి పెళ్ళి చేసుకున్నాను. ఆయన మాకు దూరపు చుట్టం, వరసకు బావ. నాకన్నా రెండేళ్ళు చిన్న. వయసు ముదిరిన పౌరురాలు, ఆమెకన్నా చిన్నవాడు, మూడు వారాల్లో పెళ్ళి! కాగితం మీద చూస్తే నాకే అనుమానమొచ్చేట్టుంది.

పౌరులు భార్యనో భర్తనో రప్పించుకోవాలంటే ఐ-130 అనే అర్జీ పెట్టాల. దాంతోపాటు పెళ్ళి నిజమని రుజువులు. అడిగేవాళ్ళని నేను తప్పుపట్టను. డబ్బుకి పెళ్ళిళ్ళు అమ్ముకునేవాళ్ళు లేకపోలేదు. కానీ ఆ రుజువుల పట్టీ చూస్తే ఎట్టాంటి పెళ్ళిని మనసులో పెట్టుకుని రాశారో తెలిసిపోద్ది. ఇద్దరి పేరా ఆస్తి ఉండాలంట. మా ఇల్లు కాలనీ ఇల్లు, పట్టా మాయమ్మ పేర. ఇద్దరి పేరా అద్దె ఒప్పందం అంట. ఒంగోల్లో మావాళ్ళు అద్దెకి ఇల్లడిగితే ముందు ఒప్పందం రాయరు, "మీరేంవాళ్ళు?" అనడుగుతారు. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఉత్తరాలు, పెళ్ళి ఎరిగినవాళ్ళ అఫిడవిట్లు, రెండువైపుల పెద్దలూ కనపడే ఫొటోలు.

మా నాయన పొయ్యాక వితంతు పింఛనుకి మాయమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగింది. మొగుడు చచ్చాడన్న కాగితం దొరికింది గానీ ఆయన మొగుడన్న కాగితం యాడుంది? చివరికి రేషను కార్డు ఆదుకుంది. వాళ్ళ పెళ్ళికి ఫొటో లేదు. మా తాత పెళ్ళికి శుభలేఖ కూడా లేదు. ఆ తాత మాత్రం ఊళ్ళో జరిగిన ప్రతి పెళ్ళికీ సాక్షే. ఊరేగింపులో అందరికంటే ముందు డప్పు కొట్టుకుంటా నడిచేది ఆయనే. పెద్ద కులాల ఇళ్ళలో గోడలకి తగిలించిన పెళ్ళి పటాలు చిన్నప్పుడు వాకిట్లోనించి చూసేదాన్ని, తాత ఎక్కడన్నా కనపడతాడేమోనని. ఒక్క పటంలోనూ లేడు. డప్పు సప్పుడు ఫొటోలో పడదు గదా అనేవాడు.

మాకు అసలు కాగితమే లేకుండా పోలేదు. మా ముత్తాతల పేర్లు మొట్టమొదట పుస్తకంలో రాసింది ఆ అమెరికా నుంచి వచ్చినవాళ్ళే. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత పని ఒంగోలు బాప్టిస్టు మిషను దొర క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని మావాళ్ళకి కూలి చూపించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఎక్కువమంది మాదిగలే. మా ఇంట్లో పెద్దలు ఆ నీళ్ళల్లో మునిగి లేచినవాళ్ళేనని మా జేజి చెప్పేది. బాప్తిస్మం అయినాక ఊరబావి దగ్గిరికి రానిచ్చారా అంటే, లేదు. ఊరికి మేం మాదిగలమే. కులం కడుక్కుపోయిందని అన్నది ఊరు కాదు, సర్కారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకి తప్ప ఇంకెవరికీ షెడ్యూల్డు కులం లేదంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని ఇప్పటికీ కలపలేదు. అందుకే మా ఇళ్ళల్లో ఒక్కొక్కరికి రెండు పేర్లు. బడి పేరు ఒకటి, గుడి పేరు ఒకటి. బడిలో వెంకన్న పేరో రాముడి పేరో, గుళ్ళో బైబిలు పేరు. ఆయన ఉద్యోగం బడి పేరు మీద వచ్చింది. సర్వీసు రిజిస్టరులో హిందూ-మాదిగ అని ఉంటది.

ఇప్పుడు మా పెళ్ళి సంగతి. అయింది మా పల్లె గుళ్ళో. తెల్లచీర కట్టుకున్నాను. పాస్టరయ్య ప్రార్థన చేస్తే ఆయన తాళి కట్టాడు. గాడిపొయ్యి మీద కూడూ కూరా వండారు, మూడొందల మంది తిన్నారు. క్రైస్తవ వివాహాల చట్టం 1872 నాటిది. దాని కింద సర్టిఫికెట్టు ఇవ్వాలంటే పాస్టరుకి సర్కారు లైసెన్సు ఉండాల. మా పాస్టరయ్యకి లేదు. ఉన్నా మేం తీసుకునేవాళ్ళం కాదు. ఆ కాగితం చేతికొస్తే ఈ ఉద్యోగం చేతిలో ఉండదు.

అందుకని నాలుగోరోజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి పోయాం. బయట చెట్టు కింద దస్తావేజులు రాసే ఆయన మా ఆల్బం తిరగేసి చటుక్కున మూశాడు. "ఇయ్యి లోపల చూపించబాకమ్మా. లగ్నపత్రిక కావాల, పూలదండలేసుకున్న ఫొటో కావాల" అన్నాడు. ఎదురుగానే స్టూడియో. ఆ కుర్రాడికి ఇది కొత్త కాదు. రెండు దండలు ఎప్పుడూ తగిలించే ఉంటాయి. నా నొసట తనే బొట్టుబిళ్ళ అంటించాడు. వెనక గుడిగోపురం తెర. 1955 నాటి హిందూ వివాహాల చట్టం కింద మా పెళ్ళి ఆ ఫొటోతో రిజిస్టరయింది. నిజంగా జరిగిన పెళ్ళి ఫొటోలు బీరువాలో పడ్డాయి, రెండు నిమిషాల నాటకం ఫొటోకి సర్కారు ముద్ర పడింది.

మొదటిసారి అమెరికాకి పంపింది ఆ సర్టిఫికెట్టూ ఆ ఫొటోనే. అందులో అమ్మా నాన్నా లేరు, చుట్టాలు లేరు, నా ముఖంలో నవ్వు లేదు. చాలవని ఉత్తరం రాక ఏమొస్తది?

ఆ రోజుల్లోనే ఆసుపత్రిలో తెల్లవారుజాము ఖాళీల్లో, మనవాళ్ళు ఆ దేశానికి ఎట్టా వచ్చారో చదివాను. భగత్ సింగ్ థిండ్ అనే ఆయన పౌరసత్వం కేసు 1923లో అక్కడి సుప్రీంకోర్టుకొచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్ళల్లో తెల్లవాళ్ళకీ ఆఫ్రికా సంతతివాళ్ళకీ మాత్రమే పౌరసత్వం దొరికే కాలం. ఆయన తరఫు వాదన ఏందంటే, మేం ఉన్నత కులపు ఆర్యులం, కాబట్టి తెల్లవాళ్ళమే అని. దానికి చూపిన రుజువుల్లో పెళ్ళి కూడా ఒకటి. అమెరికా తెల్లవాడు పెళ్ళి విషయంలో నల్లవాళ్ళని ఎట్టా దూరం పెడతాడో, మేమూ మా దేశంలో కింది జనాన్ని అట్టాగే దూరం పెడతామని లాయర్లు రాసిచ్చారు. మమ్మల్ని చేసుకోకపోవటమే వాళ్ళ గొప్పకి సాక్ష్యం! కోర్టు ఒప్పుకోలేదు. పౌరసత్వం లేదు, పెళ్ళాల్ని తెచ్చుకునే దారీ లేదు. కాలిఫోర్నియా పొలాల్లో పంజాబీ మగవాళ్ళు చాలామంది మెక్సికో ఆడవాళ్ళని చేసుకుని సంసారాలు పెట్టుకున్నారు. 1946లో ఏడాదికి 100 మంది భారతీయుల్ని రానిస్తామన్నారు, పౌరసత్వానికీ దారిచ్చారు. 1965 చట్టంతో తలుపు బాగా తెరుచుకుంది. 1986లో పెళ్ళి మోసాల సవరణ చట్టం వచ్చింది. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందు దేశంలో అడుగుపెడితే షరతుల కార్డే ఇస్తారు, ఆనక ఇద్దరూ కలిసి మళ్ళీ రుజువులు చూపాల.

మోసం అన్న మాట మమ్మల్ని రెండువైపులా పట్టుకుంది. 2024 నవంబరులో మన సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో, క్రైస్తవంలో ఉంటూ రిజర్వేషను కోసం హిందువునని చెప్పుకోవటం రాజ్యాంగం మీద మోసమని రాసింది. పదేళ్ళ ముందు ఆ రాత్రి నేను పెట్టెలోంచి గుడి ఫొటోలు తీసి మంచం మీద పరిచినప్పుడు నాకు ఆ తీర్పు తెలియదు. భయం మాత్రం తెలుసు. ఆయనకి ఫోను చేసి, ఇవి పంపిస్తానన్నాను.

"నీకు పొయ్యేదేముంది? వీసా రాకపోతే నేనిక్కడే ఉంటా గదా. ఉద్యోగం పోయిద్ది. చెల్లెలి సర్టిఫికెట్టు పోయిద్ది."

"అక్కడి ఆఫీసరు మన తాసీల్దారుకి చెప్పిద్దా బావా?"

"కాగితం యాడ తేలిద్దో ఎవరికి తెలుసు?"

మాటా మాటా పెరిగింది. పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత రుజువుల కోసం ఫోను బిల్లులు తీసి చూస్తే ప్రతిరోజూ ఆయన నంబరే, ఆ పదకొండు రోజులు మాత్రం ఖాళీ. ఈ ఖాళీ ఏందని అడిగితే ఏం చెప్పాలా అని కొత్త బెంగ పట్టుకుంది.

పన్నెండో రోజు ఆయనే ఫోను చేశాడు. "పంపియ్యి. ఉన్నదే గదా" అన్నాడు.

ఇక సేకరణ మొదలయింది. డబ్బు పంపిన రసీదులు, గ్రూపు ఇన్సూరెన్సులో నా పేరు నామినీగా రాయించిన కాగితం, మాయమ్మ వేలిముద్ర వేసిన అఫిడవిట్టు, పాస్టరయ్యది ఇంకొకటి. పాస్టరయ్య గుడి పేరు రాశాడు, సర్టిఫికెట్టులో బడి పేరుంది. నోటరీ చేసే ఆయన మధ్యలో అలియాస్ అని కొట్టాడు, దొంగలకి రాసినట్టు. వరసకు బావ అంటే కజిన్ అని కూడా కొట్టాడు. అది చూస్తే అక్కడివాళ్ళకి రక్త సంబంధం అనిపిస్తదని కొట్టేయించి మళ్ళీ రాయించేసరికి ఇంకొక వారం.

వీటన్నిటి మీదా నేనొక పేజీ ఉత్తరం రాశాను. నాలుగుసార్లు రాసి చించాను. కులమంటే ఏందో తెలియని ఆఫీసరుకి ఎట్టా చెప్పాల? చివరికి నిలిచింది ఇది: మా మనుషులు మాకు గుళ్ళో పెళ్ళి చేశారు. అదే వారం సర్కారు పుస్తకంలో హిందువులుగా రాయించుకున్నాం. క్రైస్తవులమైతే మాకు ఈ కులం లేదని మా సర్కారంటది. మా పొరుగువాళ్ళు అట్టా అనరు. అందుకని రెండు ఫొటోలు పంపుతున్నాను.

అర్జీ కదిలింది. 2015 వేసవిలో ఆయనకి ముంబయిలో ఇంటర్వ్యూ. విజయవాడలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఆల్బం ఒళ్ళో పెట్టుకుని పోయాడు. కాన్సులేటులో కిటికీ అవతల చిన్న వయసు తెల్లామె. పక్కన తెలుగు చెప్పే మనిషి. నా డ్యూటీ వేళలడిగింది, చెప్పాడు. ఫోను ఖాళీ సంగతి అడగలేదు. కులం సంగతి, మతం సంగతి అసలే అడగలేదు. గుడి ఫొటోలన్నీ తిరగేసి, "పెళ్ళికూతురి తల్లి ఎక్కడా లేదే, ఆమెకి ఇష్టం లేదా?" అంది.

ఆయనకి ఒక్క నిమిషం నోట మాట రాలేదంట. తర్వాత భోజనాల ఫొటో వెతికి, వెనక పొగలో గరిటె పట్టుకున్న చెయ్యీ భుజమూ చూపించి, "ఇదుగో, మా అత్త. పొయ్యికాడ ఉంది" అన్నాడు. దుబాసీ అది ఇంగ్లీషులో చెబితే ఆమె నవ్వింది. వీసా ఇచ్చారు. అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు దాటింది కాబట్టి షరతుల కార్డు బాధ తప్పింది. ఆలస్యం చేసిన మేలు అదొక్కటే.

గుడి ఫొటో ఒకటి పెద్దది చేయించి మా అత్త ఇంట్లో గోడకి తగిలించి వచ్చాడు. 2018లో మా ఆడబిడ్డ ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది, కులం సర్టిఫికెట్టు కోసం వీఆర్వో విచారణకొస్తున్నాడని కబురొచ్చింది. మా అత్త ఫొటో దించి బియ్యం డబ్బాలో దాచింది. తీరా చూస్తే గోడ మీద ఫొటో ఉన్నంత మేర సున్నం తెల్లగా మెరుస్తా ఉంది. పక్కింటికి పోయి వెంకటేశ్వర స్వామి క్యాలెండరు అడిగి తెచ్చి అదే మేకుకి తగిలించింది. మచ్చ ఇంకా కనపడతానే ఉందని, కింద కుర్చీ వేసి వీఆర్వోని అందులోనే కూచోబెట్టిందంట.