సీటు సరే, చోటేదీ? కోవూరు వాడల నుంచి క్యాంపసు దాకా

మేము కోవూరు చుట్టుపక్కల మాల, మాదిగ వాడల నుంచి యూనివర్సిటీ దాకా వచ్చిన మొదటి తరం వాళ్ళం. మా అమ్మానాయనలు పెన్న కాలవల కింది మడుల్లో నాట్లేసి, కోతలు కోసి మమ్మల్ని చదివించారు. పైచదువుకు సీటొచ్చిందని చెప్పినపుడు ఊళ్ళో పెద్దలు "సీటిచ్చినారు గదా, ఇంకేం గావాల మీకు?" అన్నారు. అమ్మ మాత్రం వేరే మాట అడిగింది. "అన్నం యాడ తింటావు అబ్బయ్యా? ఎవురి పక్కన పండుకుంటావు?" ఆ రోజు అది తల్లి బెంగ అనుకున్నాం. చరిత్ర చదివేకొద్దీ అసలు ప్రశ్న అదేనని తెలిసొచ్చింది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలుచుకున్నది ఒకటే. దళితుల చదువు చరిత్రను ఎక్కువగా తలుపులు తెరిచినవాళ్ళ చరిత్రగా రాశారు. మిషనరీ తెరిచాడు, సర్కారు తెరిచింది, సంస్కర్త తెరిచాడు. లోపల మమ్మల్ని ఎక్కడ కూచోబెట్టారు, మేము కూచుంటే ఎవరు లేచిపోయారు అన్నది పక్కకు పోయింది. ప్రవేశం ఒకటి, సహవాసం ఇంకొకటి. మొదటిది దొరికిన ప్రతిసారీ రెండోదాన్ని ఆపటానికి కులం కొత్త దారి వెతుక్కుంది.

పాత సంగతితో మొదలుపెడదాం. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ చేరాడు. ఆయన బడికి మొదట పెద్ద కులాల పిల్లలు వచ్చారు. ఆ రోజుల్లోనే తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య తనంతట తాను మిషన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనను ఎవరూ చెయ్యిపట్టి తీసుకురాలేదు. మాదిగలు సంఘంలో చేరి, వాళ్ళ పిల్లలు బడి గడప తొక్కేసరికి బ్రాహ్మణులు తమ పిల్లల్ని మానిపించారు. క్లౌ మాదిగల పక్షాన నిలబడ్డాడు. అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత కోవూరుకు ఉత్తరాన అల్లూరు దాకా మిషన్ పాకింది, వాడల్లో అక్షరం పుట్టింది. అయితే ఒంగోలు బడి మా బడి అయిందే గానీ అందరి బడి కాలేదు. లేచిపోయినవాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

సర్కారు చేసింది కూడా దాదాపు ఇదే. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల విద్య గురించి ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్ కింద అణగారిన కులాల కోసం ఒక శాఖ నడిచింది. బావులు, ఇళ్ళ స్థలాలు, స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ళు, వాడల్లో విడి బడులు దాని పనులు. ఊరి బడిలో మా పిల్లలు కూచోవటానికి పెద్ద కులాలు ఒప్పుకోకపోతే, ఒప్పుకోనివాళ్ళ మీద చర్య తీసుకోవటం కంటే మా వాడలో ఇంకో బడి కట్టటం సులువని సర్కారుకు తోచింది. విడి బడి మాకు చదువిచ్చింది. అదే బడి వాళ్ళకు మా పక్కన కూచునే అవసరాన్ని తప్పించింది. ఈ రెండూ కలిపి చూడకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

కోవూరు తాలూకా సంస్కరణకు పేరున్న నేల. పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహాశ్రమాన్ని 1921లో గాంధీ ప్రారంభించాడు. నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల ప్రవేశం కోసం 1946లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేశాడు. కోవూరు తాలూకా అలగానిపాడులో భూస్వామ్య కుటుంబంలో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య మద్రాసు లయోలా కాలేజీలో చదువు వదిలి 1930లో ఉద్యమంలోకి దూకాడు. జైలు నుంచి వచ్చాక సొంత ఊళ్ళో వ్యవసాయ కూలీలను కూడగట్టి అంటరానితనం మీద పోరాడాడు. వీళ్ళ త్యాగాన్ని మేము తక్కువ చెయ్యటం లేదు. ఒక్క మాట అడుగుతున్నాం. సుందరయ్యకు వదిలెయ్యటానికి ఒక కాలేజీ వుంది. అదే ఊళ్ళో, అదే వయసులో ఆయన పొలంలో పనిచేసిన మా తాతలకు వదిలెయ్యటానికి ఏముంది? దీక్ష చేసినవాళ్ళ పేరు పుస్తకాల్లో వుంది. తరాలుగా గుడి బయట నిలబడ్డవాళ్ళ పేర్లు యాడ వున్నాయి?

కాలేజీ గడప దాకా మమ్మల్ని తెచ్చింది దయ కాదు, హక్కుల పోరాటం. అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడుగా వున్న కాలంలో, 1944లో, భారత ప్రభుత్వం షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ పైచదువుల స్కాలర్‌షిప్పులు మొదలుపెట్టింది. తర్వాత సంక్షేమ హాస్టళ్ళు వచ్చాయి. హాస్టలు గురించి మేము రెండు మాటలూ చెప్పాలి. అది ఊరి చివరో, కాలేజీకి దూరంగానో వుండే ఇంకో వాడ. పురుగుల అన్నం, నీళ్ళ చారు, ఒక బల్బు కింద పదిమంది. కానీ మేము మొదటిసారి తలెత్తి మాట్లాడింది కూడా అక్కడే. 1985 కారంచేడు గురించి, 1991 చుండూరు గురించి అన్నలు చెప్పగా విన్నది ఆ వరండాల్లోనే. మాకు అంబేడ్కర్ సిలబస్‌లో దొరకలేదు, హాస్టల్లో దొరికాడు.

మాలో కొందరం చదివిన ఒక కాలేజీలో స్కాలర్‌షిప్పు ఆలస్యమైన ప్రతి ఏడూ హాల్ టిక్కెట్టు ఆపేవాళ్ళు. డబ్బు రాకపోవటం మా తప్పు కాదు, నిలబడేది మాత్రం మేము. నోటీసు బోర్డు మీద పేరు పక్కన కులం కేటగిరీ, ఇంగ్లీషు రానప్పుడు వెనక బెంచీ నుంచి వచ్చే నవ్వు, ప్రాక్టికల్సులో మార్కుల దగ్గర కనపడని చెయ్యి. ఇందులో ఏదీ "మీరు రావద్దు" అనదు. "వచ్చారు సరే, మీ హద్దులో మీరుండండి" అంటుంది.

ఇదంతా పల్లె కాలేజీల వెనకబాటుతనం, పెద్ద యూనివర్సిటీల్లో వుండదు అనేవాళ్ళున్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని చూడండి. అక్కడ 1993లో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. 2015లో ఆ సంఘానికి చెందిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థుల మీద శిక్ష పడింది. ఆ శిక్షను జాగ్రత్తగా చదవాలి. చదువుకోవచ్చు. హాస్టల్లో వుండకూడదు. పాలనా భవనానికి, ఉమ్మడి స్థలాలకు గుంపుగా పోకూడదు. విద్యార్థి ఎన్నికల్లో నిలబడకూడదు. అంటే సీటు వుంటుంది, చోటు వుండదు. బడికి రావచ్చు, బావి ముట్టరాదు అన్న పాత కట్టుబాటు ఇంగ్లీషు కాగితం మీద టైపయింది. విద్యార్థులు ఆరుబయట వేసుకున్న గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. నూటయాభై ఏళ్ళ చరిత్రను వాళ్ళు ఒక్క మాటలో చెప్పారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు.

చట్టాలు లేక కాదు. విద్యాసంస్థల్లో సమానత్వం కోసం 2012లోనే యూజీసీ నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి వుండాలంది. అవి అమలు కావటం లేదని 2019లో రోహిత్ తల్లి రాధిక, ముంబైలో చనిపోయిన డాక్టరు పాయల్ తడ్వీ తల్లి అబేదా కలిసి సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు గుర్తుచేస్తే గానీ కాగితం కదల్లేదు.

ఇక మా వైపు వేలు తిప్పుకోవాలి. కోవూరు కాలవగట్ల మీద, చేపల గుంటల దగ్గర యానాదుల గుడిసెలున్నాయి. బ్రిటిషు ప్రభుత్వం ఈ జిల్లాలో వాళ్ళ మీద నేరస్థజాతి ముద్ర వేసింది. బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంటు నడిపింది. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం మనుషుల కళ్ళల్లో మిగిలింది. మాతో పాటు ఒకటో తరగతిలో కూచున్న యానాది పిల్లల్లో కాలేజీ దాకా ఎంతమంది వచ్చారు? మేము వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగిపోయాం. మధ్యలో వాళ్ళు మానుకుంటుంటే మేమూ గమనించలేదు. మా పక్క చోటు ఖాళీ అయినప్పుడు అడగని మేము, పైవాళ్ళను ఏ మొహంతో అడుగుతాం?

అందుకే కార్యకర్తలకు, విద్యార్థులకు, అధ్యాపకులకు మాదొక విన్నపం. మీ కాలేజీలో ఎన్ని రిజర్వేషను సీట్లు నిండాయో చూసి ఆగిపోవద్దు. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు ఎక్కడ తింటున్నారు, ఎవరి స్కాలర్‌షిప్పు ఎన్ని నెలలు ఆగింది, ఎవరి గదిలో ఎవరు వుండనన్నారు, ఎవరు రెండో ఏడు కనపడలేదు, వాళ్ళ ఇంటికి ఎవరైనా పోయి అడిగారా అని రాయండి. దళిత అధ్యాపకులు ఎంతమంది, హాస్టలు కమిటీలో ఎంతమంది అన్నదీ రాయండి. మా అమ్మ రెండు ముక్కల్లో అడిగింది ఇదే. ఆ పుస్తకం నిండితే గానీ ఆమెకు జవాబు చెప్పలేం.