మొదట ఫ్యాక్టరీ, తర్వాత ఇల్లు, ఆఖరున ప్లాను

గ్రేటర్ హైదరాబాద్‌లో 150 వార్డులున్న కాలంలో చర్లపల్లిది 3వ నంబరు. పక్కనే ఉన్న 4వ వార్డు పేరు మీర్‌పేట్ హెచ్‌బీ కాలనీ. హెచ్‌బీ అంటే హౌసింగ్ బోర్డు. సర్కారు కట్టించిన ఇళ్ళ మీదుగానే ఒక వార్డుకు పేరొచ్చిందంటే, నగరం తూర్పు కొసన జనానికి నీడ ఎవరి పుణ్యాన దొరికిందో కొంత తెలుస్తుంది. ఆ పుణ్యం మున్సిపాలిటీది మాత్రం కాదు.

ఆ బోర్డు మూలాలు మూసీ వరదలో ఉన్నాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను ఆపే జలాశయాల దగ్గరే ఆగలేదు. మురుగు కాలువలు, ఇరుకు వీధులు, నగరం లోపలి రోగాల సంగతి కూడా పట్టించుకున్నారు. 1911లో ప్లేగు వచ్చింది. 1912లో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన కొత్తలోనే, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది.

ప్లేగు దెబ్బకు బొంబాయిలో 1898లోనే ఇలాంటి ట్రస్టు పుట్టింది కాబట్టి ఆలోచన కొత్తదేమీ కాదు. హైదరాబాద్ బోర్డు బలం మరో చోట ఉంది. స్థలం సేకరించడం, ఇరుకు బస్తీలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం, ఇళ్ళు కట్టి కిరాయికివ్వడం, ఇవన్నీ ఒకే గొడుగు కింద జరిగాయి. నాంపల్లి, మల్లేపల్లి, రెడ్‌హిల్స్ వైపు వరుస ఇళ్ళు లేచాయి. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ రాతి కమానుల బజారు, మొజంజాహీ మార్కెట్ కూడా ఈ బోర్డు చేతి పనులే. పర్యాటకులు ఫొటోలు తీసుకునేది ఆ బజార్లనే, కిరాయి ఇళ్ళ వైపు ఎవరూ తల తిప్పరు. ఆ కాలంలో జనం చేతిలో ఓటు లేదు, అడిగేవాడు లేడు, కాదనేవాడూ లేడు. బస్తీ తీసేస్తామంటే ఖాళీ చేయాల్సిందే. ఇంత చక్కగా పని సాగడానికి అదీ ఒక కారణమని మరువరాదు.

రాష్ట్రాలు మారాక, 1960లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు పుట్టి, పాత ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వారసత్వాన్ని అందుకుంది. కిరాయి ఇళ్ళ స్థానంలో వాయిదాల మీద సొంత ఇళ్ళు వచ్చాయి. ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అని ఆదాయాన్ని బట్టి తరగతులు. ఇప్పటికీ ఈ కాలనీల్లో అడ్రసు చెప్పాలంటే ‘ఎల్‌ఐజీ ఫలానా నంబరు’ అనే చెబుతారు. ఆ ఇంటి ముందుకెళ్ళి చూస్తే మాత్రం బోర్డు ఇచ్చిన ఇల్లు కనిపించదు. పెంకో రేకో ఉన్న చోట స్లాబు, దాని మీద రెండంతస్తులు, ముందు వదిలిన జాగాలో షట్టరు, షట్టర్లో జిరాక్సు దుకాణమో కర్రీ పాయింటో. పక్కగోడ వెంటే పైకి మెట్లు, పైన టు-లెట్ బోర్డు. ఒక కుటుంబానికని గీసిన ఇంట్లో మూడు కుటుంబాలుంటాయి. నగరానికి కిరాయి ఇళ్ళు సమకూర్చింది ఏ పథకమో కాదు, ఈ మెట్లేననిపిస్తుంది.

ఇక తూర్పు వైపు ఇళ్ళకంటే ముందు ఫ్యాక్టరీలు వచ్చాయి. 1967లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, ఆ తర్వాత అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ, నాచారం, మల్లాపూర్, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడలు. వేలాది మంది ఉద్యోగులు వచ్చారు, ఉండేది ఎక్కడ? కంపెనీ క్వార్టర్లు కొందరికే. మిగతావాళ్ళు సహకార గృహ నిర్మాణ సంఘాలు పెట్టుకుని, పొలాలు కొని, ప్లాట్లు చేసుకున్నారు. ఈసీఐఎల్‌ను నిలబెట్టిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు పేరు మీద వెలసిన డాక్టర్ ఏఎస్‌రావు నగర్ ఈ కోవలో పెద్ద గుర్తు. జీతం గల ఉద్యోగికి సొసైటీ ఉంది, మధ్యతరగతికి హౌసింగ్ బోర్డు ఉంది. షెడ్డులో దినకూలీకి పనిచేసేవాడికి రెండూ లేవు.

అతడి గురించి నగర పాలక సంస్థ నిజంగా ఆలోచించిన సందర్భం ఒకటుంది. 1967లో మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం బస్తీలను తీసేయలేదు, ఉన్నచోటే బాగుచేయబోయింది. పట్టాలిచ్చి, బ్యాంకుల నుంచి తక్కువ వడ్డీ అప్పులిప్పించి, ఇల్లు ఎలా ఉండాలో ఇంటివాళ్ళనే తేల్చుకోమంది. యూనిసెఫ్ తోడ్పడింది, 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయం వచ్చింది. ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చూపని గౌరవం ఇది. కానీ ఆ పని పాత నగర పాలక సంస్థ సరిహద్దులోనే. చర్లపల్లి అప్పుడు సరిహద్దు అవతల ఉంది.

అధికారం ముక్కలవుతూ వచ్చిన కథ కూడా అప్పుడే మొదలైంది. 1975లో హుడా, అంటే హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, ఏర్పడి భూ వినియోగ ప్లాను చేతిలోకి తీసుకుంది. ఇళ్ళు బోర్డు దగ్గరే ఉండిపోయాయి. నీళ్ళు, మురుగు 1989లో జలమండలికి పోయాయి. పారిశ్రామికవాడల్లో పన్నులు, అనుమతులు ‘ఐలా’కు, అంటే పరిశ్రమల శాఖ కార్పొరేషన్ నడిపే స్థానిక సంస్థకు. కాప్రా, ఉప్పల్‌కలాన్ మున్సిపాలిటీలకు మిగిలిందేమిటంటే, ఇళ్ళు లేచాక రోడ్డేయమని వచ్చే దరఖాస్తులు. 2007 ఏప్రిల్‌లో ఆ రెంటితో సహా 12 మున్సిపాలిటీలు గ్రేటర్‌లో కలిశాయి. అదే ఏడాది డిసెంబరు 31న లేఅవుట్లను, అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే ఉత్తర్వులు వెలువడ్డాయి. అలాంటివే 2015లో మళ్ళీ వచ్చాయి. లేఅవుట్ల వరకు 2020లో ఇంకోసారి. గ్రామ పంచాయతీ కాగితాల మీద గజాల లెక్కన కొన్న ప్లాటుకు ఫీజు కట్టించుకుని ముద్ర వేయడం దాదాపు రివాజైపోయింది. దీన్ని విధానమనడానికి మనసొప్పదు. జనం కట్టుకున్నాక ప్రభుత్వం ఒప్పుకోవడం మాత్రమే.

తెలంగాణ వచ్చాక మళ్ళీ సర్కారే ఇల్లు కట్టింది. 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం, లబ్ధిదారు చేతి నుంచి పైసా అక్కర్లేదు, గ్రేటర్‌కు లక్ష ఇళ్ళ లక్ష్యం. స్థలం మాత్రం ఊరి బయటే దొరికింది. తూర్పున రాంపల్లి, అహ్మద్‌గూడ, పడమరన కొల్లూరు. కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్ళు 2023 జూన్‌లో ప్రారంభమయ్యాయి. ఇళ్ళు కంప్యూటర్ లాటరీలో కేటాయించారు. పని ఎక్కడో, పిల్లల బడి ఎక్కడో లాటరీకి తెలియదు.

చర్లపల్లికి 2025 జనవరి 6న రైల్వే టెర్మినల్ వచ్చింది. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ స్టేషన్ల రద్దీ తగ్గించాలని కట్టారు. ప్లాట్‌ఫాంలు, లిఫ్టులు, విమానాశ్రయం తరహా ముఖద్వారం అన్నీ సిద్ధమయ్యాయి. ప్రారంభోత్సవం నాటికి స్టేషన్‌కు చేరే దారులు మాత్రం కాలనీ గల్లీలు, ఫ్యాక్టరీ వీధులు. స్టేషన్ రైల్వేది, రోడ్డు రాష్ట్రానిది. మధ్యలో పారిశ్రామికవాడ జాగాలు, వాటి పక్కన ఎన్నడో ప్లాట్లుగా కొని కట్టుకున్న ఇళ్ళు. రోడ్డు వెడల్పు కోసం వాటిలో ఎవరి ప్రహరీ ఎంత వెనక్కి జరగాలన్న లెక్కలు, రైళ్ళు వచ్చి ఆగడం మొదలయ్యాకే ఊపందుకున్నాయి.