పరాన్నజీవి జాతుల గుర్తింపు: జన్యు సూచికలు

మనిషికి సోకిన పరాన్నజీవి ఏ జాతిదో తేల్చేందుకు వాడే డీఎన్ఏ భాగాలను జన్యు సూచికలంటారు. ఒకే జాతి జీవులన్నిటిలో దాదాపు ఒకే తీరుగా ఉండి, దానికి దగ్గరి జాతుల్లో తేడా కనబరిచే వరుసలే ఇందుకు పనికొస్తాయి. చాలాకాలం ఈ గుర్తింపు భారమంతా మైక్రోస్కోపే మోసింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నదీ దానితోనే. అయితే కంటికి ఒకేలా కనిపించే రెండు పరాన్నజీవుల్లో ఒకటి ప్రాణం తీసేది, మరొకటి మందే అక్కర్లేనిది కావచ్చు. రూపాన్ని బట్టి ఆ తేడా తెలియని చోట జన్యు సూచికలు తప్పనిసరి.

కపిట్‌లో బయటపడ్డ మలేరియా

ఈ పద్ధతి విలువను చాటిన ఘటనల్లో బోర్నియో దీవిలోనిది ముందు చెప్పుకోవలసింది. మలేషియాలోని సారవాక్ రాష్ట్రంలో, కపిట్ ప్రాంతపు ఆసుపత్రుల్లో ప్లాస్మోడియం మలేరియే అనే మలేరియా జాతి కేసులు విపరీతంగా నమోదవుతుండేవి. ఆ జాతి మామూలుగా తీవ్రం కాని జ్వరం తెస్తుంది, రక్తంలో పరాన్నజీవుల సంఖ్యా తక్కువగానే ఉంటుంది. కపిట్ రోగుల్లో మాత్రం సంఖ్య ఎక్కువ, జబ్బూ ఎక్కువ. సారవాక్ విశ్వవిద్యాలయానికి చెందిన బల్బీర్ సింగ్, జానెట్ కాక్స్-సింగ్ బృందం ఆ రక్తాన్ని, డీఎన్ఏ ముక్కలను ఎన్నో ప్రతులుగా పెంచి వెతికే పద్ధతైన పీసీఆర్‌కు పెట్టింది. ప్లాస్మోడియం అన్నంతవరకు ఫలితం పాజిటివే. మలేరియే జాతికి ప్రత్యేకమైన పరీక్ష మాత్రం నెగెటివ్. అప్పుడు రెండు జన్యువుల వరుసలను చదివి చూస్తే, అవి మకాక్ కోతుల్లో ఉండే ప్లాస్మోడియం నోలెసీ వరుసలతో సరిపోయాయి. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో 208 మంది మలేరియా రోగుల్లో 120 మందికి సోకినది ఈ కోతి మలేరియాయే.

నోలెసీ అప్పటికి కొత్త జీవేమీ కాదు. రక్తం ఎక్కించి దాన్ని కోతి నుంచి మనిషికి సోకించవచ్చని 1932లోనే కలకత్తాలో రాబర్ట్ నోల్స్, దాస్ గుప్తా చూపారు. సహజంగా మనిషికి సోకిన తొలి కేసు 1965లో మలేషియాలోనే దొరికింది. అయినా అది అరుదైన వింతగానే ఉండిపోయింది. కారణం మైక్రోస్కోపు కింద దాని వేషం: తొలి దశలో ఫాల్సిపారం అనే మరో మలేరియా జాతి ఉంగరాల్లా, తర్వాత మలేరియే జాతి పట్టీల్లా కనిపిస్తుంది. సారవాక్‌లో 1996లో తీసి దాచిన రక్తపు స్లైడ్ల నుంచి తర్వాత డీఎన్ఏ రాబడితే వాటిలోనూ నోలెసీయే తేలింది. అంటే జబ్బు కొత్తగా రాలేదు, పేరే తప్పుగా రాస్తూ వచ్చారు.

ఈ పొరపాటు కాగితం మీది పొరపాటు కాదు. మలేరియే జాతి 72 గంటలకు ఒకసారి విభజన పూర్తి చేసుకుంటే, నోలెసీ 24 గంటలకే చేసుకుంటుంది. రోజు రోజుకూ పెరిగిపోయే రోగాన్ని నెమ్మదైన రోగమనుకుంటే చికిత్సలో ఆలస్యం ప్రాణాంతకమే. సారవాక్‌లో నోలెసీతో చనిపోయారని 2008లో వెల్లడైన నలుగురికీ మైక్రోస్కోపు రాసిన పేరు మలేరియేయే. ఇవాళ మలేషియాలో మనుషుల మధ్యే తిరిగే మలేరియా జాతుల స్థానిక కేసులు 2018 నుంచి లేవు, కోతుల నుంచి వచ్చే నోలెసీ మాత్రం ఏటా వేల మందికి సోకుతోంది. జాతిని వేరుగా లెక్కపెట్టలేకపోతే ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పడం సాధ్యమయ్యేది కాదు.

సూచికల ఎంపిక

మలేరియాలో ఎక్కువగా వాడేది 18ఎస్ రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు. దానిలో కొన్ని భాగాలు ప్లాస్మోడియం జాతులన్నిటికీ ఉమ్మడి, కొన్ని జాతి జాతికీ వేరు. 1993లో జార్జ్ స్నూనూ బృందం రూపొందించిన నెస్టెడ్ పీసీఆర్ ఈ గుణాన్నే వాడుకుంది: మొదటి విడతలో ఉమ్మడి భాగాలకు అతికే ప్రైమర్లతో (చిన్న డీఎన్ఏ ముక్కలతో) డీఎన్ఏను పెంచి, రెండో విడతలో ఒక్కో జాతికి ఒక్కో ప్రైమర్ల జతతో వెతుకుతారు. అనుభవమున్న టెక్నీషియన్ మైక్రోలీటరు రక్తంలో సుమారు 50 పరాన్నజీవులుంటే గుర్తుపడతారు. పీసీఆర్‌కు అంతకన్నా చాలా తక్కువ చాలు.

కణంలో సూచికకు ఎన్ని ఎక్కువ ప్రతులుంటే వెతుకులాట అంత సులువు. అందుకే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ జన్యువులను కూడా వాడతారు. కాలా అజార్ కలిగించే లీష్మేనియాలో కైనెటోప్లాస్ట్ డీఎన్ఏకు చెందిన చిన్న వలయాలు కణానికి దాదాపు 10,000 ఉంటాయి, కొద్దిపాటి నమూనాలోనూ దొరుకుతాయి. పేగుల్లోని పురుగులకు రైబోసోమల్ జన్యువుల మధ్యనుండే ఐటీఎస్ భాగం అక్కరకొస్తుంది. కొంకి పురుగుల గుడ్లు మైక్రోస్కోపులో అన్నీ ఒక్కటే. ఐటీఎస్ చదివాకే కుక్కల్లో, పిల్లుల్లో ఉండే యాంకిలోస్టోమా సిలానికం ఆగ్నేయాసియా జనంలో ఎంత విరివిగా ఉందో తెలిసింది. మనుషులకు మాత్రమే మాత్రలిస్తే అక్కడ సమస్య తీరదు.

పేర్లు మారిన రోగాలు

అమీబా జిగట విరేచనాల కథ ఇంకా పాతది. ఎంటమీబా హిస్టోలిటికా సోకినవారిలో ఎక్కువమందికి ఏ జబ్బూ రాకపోవడం చూసి, అందులో రెండు జాతులున్నాయని ఫ్రెంచి శాస్త్రవేత్త ఎమిల్ బ్రంప్ట్ 1925లోనే అన్నారు. రుజువు చూపేందుకు సాధనం లేదు, ఆయన మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1970ల చివర ఎంజైముల పరీక్షలు, ఆ తర్వాత డీఎన్ఏ పరీక్షలు ఆ మాటనే నిలబెట్టాయి. 1993లో హాని చేయని దాన్ని ఎంటమీబా డిస్పార్‌గా వేరుచేశారు. మలంలో బయటికి వచ్చే గట్టి పొర దశలైన సిస్టులు రెండింటివీ ఒకేలా ఉంటాయి. కానీ హిస్టోలిటికా పేగును తొలిచి, కాలేయంలో చీముగడ్డ కట్టిస్తుంది. డిస్పార్‌కు మందే వద్దు. మలపరీక్షలో సిస్టు కనబడగానే మాత్రలు రాసే అలవాటుకు ఈ తేడా గట్టి అభ్యంతరం.

అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1993లో తాగునీటి ద్వారా క్రిప్టోస్పోరిడియం అనే పేగు పరాన్నజీవి వ్యాపించి 4,03,000 మంది జబ్బుపడ్డారని అంచనా. మొదట అనుమానం పశువుల పేడ మీదికి పోయింది. దాచిన నమూనాల జన్యురకం తర్వాత మనుషుల వైపు చూపింది. ఆ రకానికే 2002లో క్రిప్టోస్పోరిడియం హోమినిస్ అని జాతి పేరు పెట్టారు. కాలుష్యం ఎక్కడ మొదలైందో వెతికేవారికి పశువుల కొట్టమా, మురుగు కాలువా అన్నది అసలు ప్రశ్న.

పరిమితులు

ప్రైమర్ తన జాతికే అతుకుతుందన్న హామీ ఏదీ లేదు. నోలెసీ కోసం మొదట వాడిన ప్రైమర్లు కొన్ని వైవాక్స్ అనే మలేరియా జాతి నమూనాలనూ నోలెసీగా చూపుతాయని 2009లో తేలింది. మలంలోని కొన్ని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి, అప్పుడు పరాన్నజీవి ఉన్నా నెగెటివ్ వస్తుంది. జబ్బు తగ్గాక కూడా చచ్చిన పరాన్నజీవుల డీఎన్ఏ కొన్నాళ్లు కనబడుతుంది, కాబట్టి పాజిటివ్ అంటే మందు పనిచేయలేదని కాదు. మైటోకాండ్రియా సూచికలకు మరో చిక్కుంది: అవి తల్లి వైపు వంశాన్నే చెబుతాయి. మనుషుల ఏలికపాములకూ పందుల ఏలికపాములకూ సంకరాలున్నాయి, బద్దెపురుగుల్లో టీనియా ఏషియాటికా, సాజినాటాల మధ్యా అంతే. అలాంటివాటిని ఒక్క మైటోకాండ్రియా జన్యువుతో తేల్చబోతే తప్పే వస్తుంది, కణకేంద్రకంలోని జన్యువులనూ చూడాలి.

డబ్బు, కరెంటు, శిక్షణ పొందిన సిబ్బంది లేని చోట పీసీఆర్ నడవదు. ఒకే ఉష్ణోగ్రత వద్ద పనిచేసే ల్యాంప్ పద్ధతిని 2000లో జపాన్ పరిశోధకులు ప్రకటించాక మలేరియాకు, కాలా అజార్‌కు దాన్ని మలచుకునే ప్రయత్నాలు జరిగాయి. మైక్రోస్కోపు మాత్రం పక్కకు పోలేదు. జ్వరంతో వచ్చిన మనిషి రక్తంలో పరాన్నజీవులు ఏ స్థాయిలో ఉన్నాయో, ఏ దశలో ఉన్నాయో ఒక్క స్లైడు గంటలోపే చెబుతుంది. అందుకని నోలెసీ ఉన్న ప్రాంతాల్లో స్లైడు చూసి వెంటనే చికిత్స మొదలుపెట్టి, జాతి పేరు పీసీఆర్‌తో ఖరారు చేసుకుంటారు.