పదకొండుమంది లేకపోతేనేం?

దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచున చిన్న బళ్ళు చూశాను. పై తరగతుల ఆడపిల్లలందర్నీ కలిపినా ఫుట్‌బాల్‌కి పదకొండుమంది కారు. "జట్టే లేదు, ఇక ఆటేమిటండీ!" అనేస్తారు పెద్దలు.

ఇదే చిక్కు అమెరికాలోనూ వచ్చింది. వాళ్ళ ఫుట్‌బాల్ వేరనుకోండి; పేరుకి కాలిబంతి, పట్టుకు పరిగెత్తేది చేత్తోనే! అసలే చేతిలో డబ్బాడని రోజులు. నెబ్రాస్కాలో స్టీఫెన్ ఎప్లర్ అనే మాస్టారు పిల్లల్ని మాన్పించకుండా ఆటనే ఆరుగురికి కుదించాడు. మైదానమూ చిన్నదైంది. ఆరుగురిలో ఎవరైనా బంతి అందుకోవచ్చు. 1934 సెప్టెంబరు 26న హెబ్రన్‌లో తొలి ఆట. ఆ ఆరుగురి కోసం కూడా రెండేసి బళ్ళు కలిశాయి! 19-19తో సమం. టెక్సాస్ పల్లెల్లో నేటికీ ఆడుతున్నారు.

మనెరిగిన ఫుట్‌బాల్‌కీ ఓ తమ్ముడున్నాడు. 1930లో ఉరుగ్వేలో సెరియానీ అనే ఆయన అయిదుగురితో మొదలుపెట్టిన ఫుట్‌సాల్. బాస్కెట్‌బాల్ ఆడేంత జాగా చాలు.

చెడుగుడు ఉందిగా అంటారేమో. ఉంది, ఏడుగురు చాలు. 2010 ఆసియా క్రీడల్లో మన ఆడవాళ్ళు కబడ్డీలో బంగారం తెచ్చారు కూడా. కానీ బంతి కావాలని మారాం చేసే పిల్లని కూతపెట్టమంటే ఊరుకుంటుందా?

భద్రాచలాన్ని 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి, 2016లో భద్రాద్రి కొత్తగూడేనికి మార్చారు. జిల్లా గీతలే అన్నిసార్లు జరిగాయే, మైదానం గీత కాస్త లోపలికి జరిపి ముగ్గు పోయడం ఎంతసేపు? ఎదటి జట్టు అంటారా, పక్క ఊరి బడినుంచి అయిదుగురు రావడానికి ఒక్క ఆటో చాలు.