వెన్నుపాముకు వంతెన

ఉద్దానంలో కొబ్బరిచెట్టుపై నుండి పడి కాళ్ళు చచ్చుబడిన వాని బంధువులు వైద్యుణ్ణి అడిగే ప్రశ్న ఒక్కటే: “తెగిన నరం అతకదా బాబూ?”

సుమారు 3,600 ఏళ్ళనాటి ఈజిప్టు వైద్యపత్రం ఈ గాయానికి చికిత్స లేదని వదిలివేసింది. 1981లో డేవిడ్, అగ్వాయో అనే శాస్త్రజ్ఞులు ఎలుక కాలి నరాన్ని వంతెనగా అమర్చి, వెన్నుపాము తంతువులు దానిగుండా పెరగగలవని చూపారు. ఆ వంతెననే కృత్రిమంగా నిర్మించే యత్నంలో, 2014లో అమెరికాలో ఒంట్లో కరిగిపోయే సూక్ష్మరంధ్రాల పాలిమర్ తునకను ఒక రోగి వెన్నుపాములో ఉంచారు. కాని 2023లో వెల్లడైన పరీక్షాఫలితాలలో ఆశించిన మేలు కనబడలేదు.

ఇది దాచి, అతుకుతుందని ఆశపెట్టి పొలం అమ్మించేవారిని నేను క్షమించలేను. పడినవానిని కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తకండి. కదపకుండా 108ని పిలవండి. తెగక మిగిలిన తంతువులు ఆ గంటలోనే దక్కాలి.